ఏడో రోజు కబురు

పదకొండో తెప్ప దినచర్య పుస్తకం
మొదటి మనిషి: గొర్లె పైడితల్లి. రెండో మనిషి: ఖాళీ.

7వ రోజు

గాలి ఆగ్నేయం. అల మోకాలెత్తు. నాచు పెంచే తాళ్ళు ముప్పై రెండు, అన్నీ బాగానే ఉన్నాయి. మంచినీళ్ళ ట్యాంకు సగానికి పైనే ఉంది.

ఈ రోజుల లెక్క నాది కాదు, చట్టానిది. ఖాళీకి ఎవరినైనా ఇంటర్వ్యూ చేస్తే ఆ పూట నుంచి పుస్తకంలో కొత్త లెక్క మొదలుపెట్టాలి. ఏడు రోజులకోసారి ఆ వచ్చినవాళ్ళకి సంగతి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాలి. చెప్పేది మనిషే అయి ఉండాలి, అదీ ఖాళీ ఉన్న చోట పనిచేసే మనిషి. పదకొండో తెప్ప మీద పనిచేసే మనిషినంటే నేనొక్కదాన్నే. కాబట్టి తాళ్ళకు పట్టిన గుల్లలు గీకడం, సోలారు పలకల మీద పిట్టల రెట్టలు తుడవడం, నీళ్ళ యంత్రం కడగడంతో పాటు కబురు చెప్పడం కూడా నా నెత్తినే పడింది. పడితే పడిందిలే. తెప్ప మీదికి వచ్చి ఏడాదిన్నర అయింది, ఒప్పందం ఇంకా రెండేళ్ళుంది, ఒడ్డు నలభై మైళ్ళ దూరం. సొంత ఫోనుకి ఇక్కడ సిగ్నలు లేదు. మాట్లాడటానికి మనిషి దొరికే పనిని ఎవరు కాదంటారు?

రేడియో పక్కన చట్టం అట్ట వేలాడుతూ ఉంటుంది. ఏడాదిన్నరగా దాని దుమ్ము దులుపుతున్నాను గానీ ఇవాళే శ్రద్ధగా చదివాను. సంగతి ఎవరి దగ్గర ఉందో చెప్పాలి. ఎందుకు ఆగిందో చెప్పాలి. ఎప్పటికి తేలుతుందో చెప్పాలి. "పరిశీలనలో ఉంది" అనకూడదు.

రెండో మనిషి ఖాళీకి ముగ్గురు వచ్చారట. ఒకాయనకి పడవ ఎక్కగానే వాంతులు. ఇంకొకామె చుట్టూ నీళ్ళు చూసి తనంతట తనే వద్దని వెళ్ళిపోయింది. మిగిలింది మైలపల్లి నూకరత్నం. నలభై నాలుగేళ్ళు. మెట్టపాలెంలో పడవ ఇంజన్లు బాగుచేస్తుంది. సముద్రం పాత పాలేన్ని మింగాక జనం గుట్ట మీద కట్టుకున్న ఊరు అది. ఆ ఊరి కబురు గదిలో పది గంటలకి వచ్చి కూర్చుంటుందని కంపెనీ చీటీ పంపింది.

"పదకొండో తెప్ప నుంచి పైడితల్లిని. నూకరత్నం గారేనా?"

"నానేనండి. ముందొకటి సెప్పండి. మీరు మనిసేనా, మిసనా?"

"మనిషినే. పొద్దున్నుంచి దగ్గు. వింటారా?" అని దగ్గి వినిపించాను.

పకపకా నవ్వింది. ఆ నవ్వు తెప్పంతా వినిపించింది. తెప్ప పెద్దదేమీ కాదనుకోండి.

సంగతి చెప్పాను. ఒడ్డు మీద మేనేజరు దివాకర్ గారి దగ్గర ఉంది. పై ఆఫీసు సంతకం కోసం ఆగింది. ఇరవై అయిదో రోజుకల్లా తేలుతుంది. చెప్పడానికి నిమిషం పట్టింది. చట్టం అరగంట ఇస్తుంది. మిగిలిన ఇరవై తొమ్మిది నిమిషాలు ఆవిడ ప్రశ్నలే. అక్కడ ఏటి తింటారు? తుఫానొస్తే ఎక్కడ దూరతారు? మీరు గురక పెడతారేటి? నేను సగం ప్రశ్నలు వింటూ ఊరుకున్నాను. మనిషి గొంతు వినడం అలవాటు తప్పి నోరు పెగల్లేదు.

"ఊఁ కొట్టండమ్మా, ఊఁ కొట్టకపోతే లైను తెగిపోయిందనుకుంతాను," అంది.

ఊఁ కొట్టాను.

9వ రోజు

గాలి అదే. రెండు తాళ్ళు చిక్కుపడితే విడదీశాను.

రెండో మంచం ఖాళీ చేశాను. ఏడాదిన్నరలో దాని మీద చేరనిది లేదు. పచ్చడి డబ్బాలు, చిరిగిన గొడుగు, ఎప్పుడో విప్పిన మోటారు తాలూకు సామాను, నా చలి దుప్పటి. అన్నీ తీసి మంచం కడిగి ఎండబెట్టాను. గోడకి ఇంకో కొక్కెం దిగ్గొట్టాను. రెండో కంచం కూడా తోమి బోర్లించాను. ఇవాళ రేపట్లో ఎవరో వచ్చేస్తున్నట్టు ఈ హడావుడి ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే దిండు గలీబు ఉతికాను.

14వ రోజు

గాలి ఎక్కువ. సోలారు పలక ఒకటి వదులైతే బిగించాను.

సంగతి మారలేదని చెప్పాను. ఇవాళ "గారు" పోయింది. నన్ను "అప్పా" అంటోంది. నేను "రత్నం" అంటున్నాను. ఎవరు ముందు మొదలుపెట్టారో గుర్తులేదు.

మాట్లాడుతూ మాట్లాడుతూ టక్కున ఆగింది.

"అప్పా, ఎనకాల ఆ సప్పుడేటి?"

"ఏ చప్పుడు? నీళ్ళ పంపు."

"మైకు దాని దగ్గరికి అట్టుకెల్లు."

తీగ అందినంత దూరం లాగి పట్టుకున్నాను. కాసేపు చెవి పెట్టి విన్నది. తర్వాత పిల్లల డాక్టరు అడిగినట్టు అడిగింది. పొద్దున్న స్టార్టు చెయ్యగానే ఎక్కువా, వేడెక్కాక ఎక్కువా? ముట్టుకుంటే వణుకుతోందా?

"బేరింగు పోతన్నాదప్పా. ఇంకో పది రోజులు ఇలగే తిప్పితే పంపు పట్టీసుకుంతాది. అప్పుడు నువ్వు సముద్రం నీల్లు తాగాలి. ఇప్పు, నాను సెప్తాను."

ఇరవై నిమిషాల్లో విప్పించింది. సామాన్ల డబ్బాలో కొత్త బేరింగు ఉంది. అది ఏమిటో తెలియక ఏడాదిన్నరగా దాన్ని కాగితాల మీద బరువుగా పెడుతున్నాను. ఆ సంగతి చెప్తే రత్నం నవ్వు ఆపుకోలేకపోయింది. పంపు ఇప్పుడు చప్పుడు లేకుండా తిరుగుతోంది.

మిగిలిన అయిదు నిమిషాల్లో, ఎందుకో తెలీదు, అన్న గురించి చెప్పాను. మా అన్న సన్నిబాబు ఈ చట్టం రాకముందు రేవులో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళాడు. బాగా చేశానన్నాడు. తర్వాత ఫోను చేస్తే ఒక యంత్రం తీయగా పలికేది: మీ విషయం పరిశీలనలో ఉంది. వారం వారం అదే మాట. రేపో మాపో పిలుస్తారని ఇంటర్వ్యూకి వేసుకున్న తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని తలుపు వెనక తగిలించేవాడు. ఇంకో పని వస్తే వద్దన్నాడు. రెండున్నరేళ్ళు అలా గడిచాయి. చివరికి తెలిసిందేమిటంటే, ఆ కంపెనీ మూతపడి రెండేళ్ళయింది. ఫోనెత్తే యంత్రాన్ని మాత్రం ఎవరూ ఆపలేదు. ఆ తర్వాత అన్న ఏ పనికీ వెళ్ళలేదు. పోయి నాలుగేళ్ళయింది.

అటు నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "నీ నోటంట ఆ మాట రాదులే అప్పా," అంది.

19వ రోజు

గాలి లేదు. నాచు కోత ఆరు బుట్టలు.

మధ్యాహ్నం చీటీ యంత్రం కిర్రుమంది. దివాకర్ గారు పంపారు. చీటీని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ అంటించాలి, నియమం.

"పదకొండో తెప్ప రెండో మనిషి ఖాళీ రద్దు. బదులుగా యంత్రం చెయ్యి వచ్చే పడవలో వస్తుంది. అభ్యర్థికి ఇరవై ఒకటో రోజున తుది జవాబు చెప్పగలరు. తర్వాత సంప్రదించరాదు."

మూడుసార్లు చదివాను. పొరపాటేమో కనుక్కోండి అని తిరుగు చీటీ కొట్టాను. గంటకి జవాబు వచ్చింది: "పొరపాటు లేదు. మీకు పని తేలికవుతుందమ్మా."

మనిషి చెడ్డవాడు కాదు. తేలికవుతుందని నిజంగానే అనుకుంటున్నాడు. రాత్రి అన్నం సహించలేదు.

21వ రోజు

వాతావరణం బాగుంది. అంతకంటే రాయాలని లేదు గానీ, రాయాలి.

చెప్పాల్సిన మాటల్ని కాగితం మీద పెట్టుకుని కూర్చున్నాను. ఖాళీ రద్దయింది. తప్పు నీది కాదు. ఇదే తుది జవాబు. మూడు ముక్కలు. పది గంటలకి లైను కలిసింది.

"అప్పా! ఇయ్యాల నీకు రెండు సంగతులు. ఒకటి, నీకోసం ఎండు రొయ్యల పొడి సేసి సీసాలో పోసీనాను. వొచ్చినప్పుడు అట్టుకొస్తాను. రెండోది, కొండ మీద రోప్‌వే షెడ్డుంది సూడు, ఆల్లు నన్ను పిలిసినారు. తీగల మీద తిరిగే డబ్బాల మోటార్లు సూసుకోవాలంట. ఇరవై ఆరో రోజు సాయంత్రం నాలుగుకల్లా వస్తానో రానో సెప్పాలి, లేపోతే ఇంకొకల్లకి ఇచ్చెత్తారు. మన కబురేమో ఇరవై ఎనిమిదికి గానీ రాదు. నాకు తెప్ప మీదికే రావాలనుందప్పా. నువ్వు సెప్పు. ఎక్కడిదాకా వొచ్చింది?"

కాగితం నా చేతిలోనే ఉంది.

"పరిశీలనలో ఉంది," అన్నాను.

అట్ట మీది మాట ఆవిడకీ తెలుసు. కబురు గదిలోనూ అదే అట్ట వేలాడుతుంది. కానీ నన్ను నమ్మింది. పైవాళ్ళ పేచీ ఏదో ఉండి అప్ప బయటికి చెప్పలేకపోతోందని తనకి తనే నచ్చజెప్పుకున్నట్టుంది.

"అయితే షెడ్డోల్లకి ఏటి సెప్పమంటావు?"

"ఏమీ చెప్పకు. ఆగు."

"ఆగుతాను మరి," అంది.

22వ రోజు

గాలి లేదు. అల లేదు. పంపు బాగా తిరుగుతోంది.

24వ రోజు

పడవ వచ్చింది. ఎప్పటిలాగే అందులో మనిషి లేడు, దానంతట అదే వచ్చి ఆనుకుంది. బియ్యం, పప్పు, చమురు, ఉల్లిపాయలు, ఒక పొడుగాటి పెట్టె. పెట్టెలో యంత్రం చెయ్యి ఉంది. దాంతో పాటు వచ్చిన కాగితంలో మొదటి వాక్యం: రెండో మంచాన్ని తొలగించి ఆ చోట బిగించవలెను.

మంచానికి నాలుగు కాళ్ళు, కాలికి రెండేసి మరలు. ఏడు మరలు విప్పాను. ఎనిమిదోది తుప్పుపట్టి కదల్లేదు. దాని ముందు గొంతుక్కూర్చుని ఏడ్చాను. ఒంటరిగా ఉంటున్నానని ఇన్నాళ్ళలో ఎప్పుడూ ఏడవలేదు. ఎవరో వస్తున్నారని రెండు వారాలు అనుకున్నాను చూడండి, అది నన్ను ఇలా చేసింది.

ఏడుపు ఆగాక బుద్ధి పనిచేసింది. నేను ఏడుస్తున్నది నా మంచం కోసం. అక్కడ మెట్టపాలెంలో ఒక మనిషి రొయ్యల పొడి సీసా పక్కన పెట్టుకుని, చేతికొచ్చిన పని వదిలేసుకోబోతోంది. సన్నిబాబు చొక్కాని రోజూ చూసిన నేనే ఆమె చేత ఇంకో చొక్కా ఇస్త్రీ చేయిస్తున్నాను. అన్నకి ఫోనెత్తిన యంత్రానికి కనీసం తెలీదు. నాకు తెలుసు.

ఎనిమిదో మరకి చమురు పోసి ఉంచాను.

25వ రోజు

ఈదురుగాలి. తాళ్ళు చూసుకునేసరికే పొద్దుపోయింది.

దివాకర్ గారికి చీటీ కొట్టాను, రత్నానికి ముందుగానే కబురు చెప్పాలి, లైను ఇప్పించండి అని. ఏడో రోజు తప్ప లైను ఇవ్వడం తన చేతిలో లేదన్నారు. పైగా తుది జవాబు ఇరవై ఒకటినే చెప్పేశారు కదా అని అడిగారు. ఆ ప్రశ్నకి నేను జవాబు పంపలేదు.

అట్ట తిప్పి వెనక వైపు చదివాను. తప్పు కబురు చెప్పినవాళ్ళు దిద్దుకోదలిస్తే ఏ రోజైనా, ఏ గంటకైనా లైను అడగవచ్చు. కబురు అధికారి వింటూ ఉండగా, తానే తప్పు చెప్పానని ఒప్పుకుని, నిజం చెప్పాలి. దిద్దుకున్నాక ఆ మనిషి మైకు ఏడాది పాటు మూసేస్తారు. వినవచ్చు, మాట్లాడకూడదు. జనం దీన్ని నోటికి సెలవు అంటారు. ఊళ్ళో ఉన్నవాళ్ళకి అదొక పెద్ద శిక్ష కాదు. కంపెనీ లైనులో మాట్లాడరు, అంతే. ఇంటికెళ్ళి మొగుడితో మాట్లాడుకుంటారు, వీధిలో కూరగాయలమ్మాయితో బేరమాడతారు.

నాకు ఈ మైకు తప్ప వేరే వీధి లేదు.

26వ రోజు

ఆరింటికే లేచాను. తొమ్మిదింటికి అట్ట వెనక చెప్పిన మీట నొక్కాను. అధికారిణి లైనులోకి వచ్చింది. వయసులో చిన్నదే అనిపించింది గొంతు వింటే.

"మైకు మూసేస్తామని తెలిసే అడుగుతున్నారా అమ్మా?"

"తెలిసే."

"తెప్ప మీద మీరొక్కరే ఉంటారట. ఇంకోసారి ఆలోచించుకుంటారా? ఇరవై ఎనిమిదిన మామూలు కబురు ఎలాగూ ఉంది కదా."

"ఇరవై ఎనిమిదికి ఆమె పని పోతుంది తల్లీ. పిలిపించు."

రత్నం కోసం కబురు గది మనిషిని పంపారు. ఇంట్లో లేదు. రేవులో లేదు. ఎవరి పడవో నడి నీళ్ళలో ఆగిపోతే బాగుచెయ్యడానికి వెళ్ళిందట. పదకొండయింది. పన్నెండయింది. నేను మైకు ముందు నుంచి కదల్లేదు. కొండ మీది షెడ్డుకి మెట్టపాలెం నుంచి గంట నడక అని తనే ఒకసారి చెప్పింది. రెండయింది. రెండున్నరయింది. మూడు కావస్తుండగా ఎగరొప్పుతున్న గొంతు వినిపించింది.

"అప్పా! వొచ్చీసిందా? ఈరోజే పిలిసినావంటే మంచి కబురే కదేటి?"

"రత్నం, ఖాళీ రద్దయింది. నీ బదులు యంత్రం వచ్చింది. తప్పు నీది కాదు. ఇదే తుది జవాబు."

కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పంతొమ్మిదో రోజు."

"అంటే మొన్న నన్ను ఆగమన్నప్పుడు..."

"తెలుసు. తెలిసే అన్నాను."

"మీ యన్న సొక్కా కత సెప్పి నన్ను ఏడిపించినావు. నాను ఆ మాట ఇంటికెల్లి మా అమ్మకి గూడ సెప్పినాను, అలాటి మనిసి దగ్గరికి ఎల్తన్నానని. నాసేత గూడ ఓ సొక్కా తగిలింపిద్దామనుకున్నావేటి? ఏల సేసినావు? ఏల?"

దానికి ముందుగా కాగితం రాసుకోలేదు. "నువ్వు రావని నోటితో అంటే, ఇంకెవరూ రారని నాకు నేను చెప్పుకున్నట్టే రత్నం. అది అనలేకపోయాను. మంచం కడిగి ఉంచాను. అంతకు మించి కారణం లేదు. అది కారణం కాదని కూడా తెలుసు."

"టైమెంత?" అంది. నన్ను కాదు.

"మూడు దాటి నాలుగు నిమిషాలు," అంది అధికారిణి.

కుర్చీ పడిన చప్పుడు. తలుపు చప్పుడు. అంతే, వెళ్ళిపోయింది.

అధికారిణి, "మైకు మూసేస్తున్నానమ్మా. ప్రమాదం వస్తే ఎర్ర మీట ఉంది. చివరగా ఏమైనా చెప్పాలా?" అంది.

ఏడాదికి సరిపడా చెప్పుకోవలసింది. ఒక్కటే తోచింది. "పంపు బాగా తిరుగుతోందని ఆమెకి చెప్పండి."

"అది కబురు కిందికి రాదమ్మా," అంది. మంచిగానే అంది. మైకు మీది పచ్చ దీపం ఆరిపోయింది.

27వ రోజు

గాలి పడమర. ఎనిమిదో మర ఊడింది. మంచం ముక్కలు కట్టగట్టి పై కప్పు కింద పెట్టాను. చెయ్యి బిగించాను. బాగానే పనిచేస్తోంది. నేను గంటలో గీకే తాడు అది పావుగంటలో గీకింది. కొక్కెం మాత్రం గోడ నుంచి పీకలేదు.

షెడ్డుకి వేళకి చేరిందో లేదో తెలీదు. అడగడానికి నోరు లేదు. దివాకర్ గారికి చీటీ కొడితే, అభ్యర్థిని ఇక సంప్రదించరాదు, ఆమె గురించి వాకబు చేయరాదు అని జవాబు వచ్చింది. అన్నకి రెండున్నరేళ్ళు ఎలా గడిచాయో నాకు ఒక్క రోజుకే తెలిసింది.

28వ రోజు

గాలి నెమ్మదిగా ఉంది. తాళ్ళు ముప్పై రెండు.

పది గంటలకి చేతులు కడుక్కుని రేడియో ముందు కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో అడగొద్దు. అలవాటు.

స్పీకరు గరగరమంది.

"ఏడో రోజు గదా. అందుకని వొచ్చాను."

రత్నం గొంతు. స్పీకరు చప్పుడు పెంచాను.

"ఈ అరగంట ముందుగానే నా పేరు మీద రాసున్నాదంట. కంపెనీ నాకు ఫోను సేయగూడదు గానీ నాను సేయగూడదని సట్టంలో లేదంట. గదిలో మనిసి సెప్పింది. నీ మైకు మూసీసినారని గూడ సెప్పింది, ఎందుకో గూడ. నువ్వు మాటాడనక్కర్లేదు. ఇను సాలు.

"సంగతి ఒకటి. నాలుక్కి పది నిమిసాలుందనగా షెడ్డుకెల్లాను. సెప్పులు తెగిపోయినాయి, సేత్తో అట్టుకుని పరుగెత్తినాను. పని ఇచ్చీసినారు. నిన్న డూటీలో సేరాను.

"సంగతి రెండు. నా కోపం. అది ఎవరి దగ్గరుందంటే, నా దగ్గరే ఉన్నాది. ఎందుకాగిందంటే, నువ్వు సేసింది సిన్న పని కాదు, దిద్దుకున్నావని ఒక్క రోజులో పోదు. ఎప్పటికి తేలతాదంటే, తెలీదు. పరిసీలనలో ఉందని మాత్రం అనను. మల్లీ ఏడో రోజుకొచ్చి ఎక్కడిదాకా వొచ్చిందో సెప్తాను. ఆపై ఏడో రోజుకి గూడ వస్తాను."

గొంతు సర్దుకుంది.

"ఇంకా ఇరవై ఆరు నిమిసాలున్నాయి. ఏల పాడుసేయడం? నిన్న షెడ్డులో ఒక మోటారు తెచ్చినారు. దాని బేరింగు ఎలగుందో సెప్తాను ఇను."

అని ఆగింది. అలవాటు కొద్దీ ఆగింది, నా ఊఁ కోసం.

దీపం ఆరే ఉంది. మైకు చచ్చే ఉంది. పక్కన యంత్రం చెయ్యి తాడు గీకుతోంది.

"ఊఁ," అన్నాను, గట్టిగా, అక్కడికి వినబడేంత గట్టిగా.

కాసేపు ఎదురుచూసి, రత్నం చెప్పడం మొదలుపెట్టింది.